ఇంప్లాంట్ తీసేసి కొవ్వు పెట్టడం: ఆ ఖాళీలోకి కొవ్వు వెళ్లదు

"రొమ్ములో పెట్టిన సిలికాన్ ఇంప్లాంట్ తీసేసి దాని ప్లేస్‌లో నా ఒంట్లో ఉన్న కొవ్వే పెట్టేయండి" అని అడిగేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. వినడానికి గ్యాస్ సిలిండర్ మార్చినంత ఈజీగా ఉంటుంది, అయిపోయినది పక్కన పెట్టి నిండుది బిగించినట్టు. కానీ అసలు విషయం అక్కడే తేడా కొడుతుంది. ఇంప్లాంట్ తీసాక మిగిలిన ఖాళీలోకి కొవ్వు ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా.

ఎందుకంటే బయటి వస్తువు ఏది లోపల పెట్టినా ఒళ్లు దాని చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. దాన్నే క్యాప్సూల్ అంటారు, కొందరిలో ఉల్లిపొరలా పలచగా ఉంటుంది, కొందరిలో తోలు సంచిలా గట్టిపడుతుంది. ఇంప్లాంట్ బయటికి తీస్తే ఆ సంచి ఖాళీగా మిగిలిపోతుంది, దాని లోపల కొవ్వుని బతికించే కండ గానీ రక్తనాళాలు గానీ ఉండవు. అందులో 200 సీసీ కొవ్వు పోస్తే అది గిన్నెలో పోసిన నూనెలా మడుగు కట్టి ఉండిపోతుంది, కొన్నాళ్లకి సిస్టులు, గడ్డలు, ఒక్కోసారి ఇన్ఫెక్షన్. అందుకే కొవ్వు వెళ్లేది చర్మానికీ ఆ సంచికీ మధ్య ఉన్న మెత్తటి భాగంలోకి, కొంత ఛాతీ కండలోకి. అంటే జరిగేది ఒకటి తీసి ఇంకోటి పెట్టడం కాదు, ఖాళీ చుట్టూ ఉన్న గోడని లావు చేయడం. ఈ ఒక్క ముక్క సరిగ్గా అర్థమైతే మిగతా లెక్కలన్నీ, ఎందుకు సైజు తగ్గుతుంది, ఎందుకు రెండోసారి చేయాల్సి వస్తుంది, ఎవరికి అసలు పనికిరాదు, అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

వరి నాట్లు చూసినవాళ్లకి ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. నారుమడిలో పీకిన నారుని కట్టలు కట్టలుగా తెచ్చి పొలంలో పడేసి వదిలేస్తే పైన నాలుగు పచ్చగా కనిపిస్తాయి, మధ్యలోవి కుళ్లిపోతాయి. రెండు మూడు మొక్కల చొప్పున, ఎడం ఇచ్చి, ప్రతి కుదురూ బురదలో దిగేలా నాటితేనే వేరు పట్టుకుంటుంది. కొవ్వు కూడా అంతే. పొట్టలోంచో తొడల్లోంచో లాగేసిన కొవ్వు కణానికి రక్తం సప్లై తెగిపోయి ఉంటుంది, కొత్త చోట కొత్త రక్తనాళాలు అల్లుకునే దాకా కొన్ని రోజుల పాటు అది చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరే ద్రవం మీదే బతకాలి, అందులోని ఆక్సిజన్ ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే లోపలికి పోదు. కాబట్టి బఠానీ గింజంత ముద్దలు పెట్టినా మధ్యలోది చచ్చిపోతుంది. అమెరికాలో సిడ్నీ కోల్మన్ అనే సర్జన్ 1990ల్లో పాపులర్ చేసిన పద్ధతి సారాంశం ఇదే, మొద్దు కొన ఉన్న సన్నటి గొట్టంతో వెనక్కి లాగుతూ లాగుతూ చుక్కలు చుక్కలుగా వందల గీతల్లో వదలడం. తర్వాత జపాన్‌లో యోషిమురా టీమ్ చూపించింది ఏంటంటే పెట్టిన కొవ్వులో బయటి పొర బతుకుతుంది, దాని లోపలి పొరలో కొవ్వు కణాలు చనిపోయినా మూలకణాలు (స్టెమ్ సెల్స్) తట్టుకుని మళ్లీ కొత్త కొవ్వుని పుట్టిస్తాయి, అట్టడుగు మధ్యభాగం మాత్రం పోయినట్టే.

అందుకే పెట్టినదంతా ఉండదు. మామూలుగా చెప్పే లెక్క సగం నుంచి 70 శాతం దాకా నిలుస్తుంది అని, మనిషిని బట్టి, చేసే చేతిని బట్టి అటూ ఇటూ.

ఇప్పుడు నిజంగా లెక్క వేద్దాం. ఒకామెకి ఒక్కోవైపు 300 సీసీ ఇంప్లాంట్ ఉంది అనుకుందాం. అది తీసేసి ఒక్కోవైపు 250 సీసీ కొవ్వు పెట్టారు, అందులో 60 శాతం నిలిచింది, అంటే 150 సీసీ. మూడు నెలల తర్వాత అద్దంలో కనిపించేది ఇంప్లాంట్ ఇచ్చిన సైజులో సగం. ఇది ఆపరేషన్ ఫెయిల్ అవ్వడం కాదు, బాగా జరిగిన ఆపరేషన్ రిజల్టే ఇది. ఇంకో వైపు లెక్క కూడా ఉంది, రెండు వైపులకీ కలిపి 500 సీసీ శుభ్రమైన కొవ్వు కావాలంటే ఒంట్లోంచి లాగాల్సింది దాదాపు లీటరు, ఎందుకంటే లైపోసక్షన్‌లో వచ్చేదంతా కొవ్వు కాదు, అందులో ముందు ఎక్కించిన సెలైన్, మత్తుమందు, రక్తం, పగిలిన కణాల నూనె అన్నీ ఉంటాయి. కోల్మన్ పద్ధతిలో దాన్ని నిమిషానికి 3000 రౌండ్ల చొప్పున 3 నిమిషాలు తిప్పుతారు, పైన నూనె, కింద ఎర్రనీళ్లు, మధ్యలో తేరిన పసుపు పొర మాత్రమే పనికొచ్చేది. మజ్జిగ చిలికాక వెన్న ఎంత వస్తుందో ఇంట్లో చేసినవాళ్లకి తెలుసు, గిన్నెడు పెరుగు చూసి గిన్నెడు వెన్న అనుకోరు కదా.

48 కిలోలు ఉన్న సన్నటి అమ్మాయికి ఆ లీటరు ఎక్కడి నుంచి తేవాలి? తొడలు, నడుము, పిరుదులు అన్నీ గీకినా రాదు, వచ్చినా ఆ చోట్ల గుంటలు పడతాయి. విచిత్రం ఏంటంటే ఇంప్లాంట్లు ఎక్కువగా పెట్టించుకునేది సన్నగా ఉన్నవాళ్లే, తర్వాత కొవ్వు కావాలనేదీ వాళ్లే. పిల్లలు పుట్టి కాస్త ఒళ్లొచ్చి, పొట్ట దగ్గర నిల్వ ఉన్న నలభై ఏళ్ల ఆవిడకి మాత్రం ఇది బాగా కుదురుతుంది, పొట్ట తగ్గించడం, ఇటు నింపడం, స్వామికార్యం స్వకార్యం రెండూ అయినట్టు.

ఇంతకీ ఎందుకు తీయించుకుంటున్నారు అనేది వేరే కథ, కానీ అది తెలియకుండా ఆపరేషన్ ప్లాన్ చేయలేరు. మొదటి సిలికాన్ ఇంప్లాంట్ 1962లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పెట్టారు, క్రోనిన్, జెరో అనే ఇద్దరు సర్జన్లు, తయారీ డౌ కార్నింగ్ కంపెనీ. ఆ మొదటి పేషెంట్ ఆరుగురు పిల్లల తల్లి, టాటూ తీయించుకుందామని వెళ్లింది, వాళ్లు ఇంప్లాంట్ సంగతి ఎత్తితే నాకు చెవులు కొంచెం వెనక్కి చేస్తే చాలు అందట, చివరికి రెండూ చేసేశారు. అప్పటి నుంచి ఈ వస్తువు మీద నమ్మకం పెరగడం, పడిపోవడం ఒక సైకిల్‌లా నడుస్తోంది. 1992లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ సిలికాన్ జెల్ ఇంప్లాంట్లని అందం కోసం పెట్టడం ఆపించింది, 1995లో డౌ కార్నింగ్ కేసుల దెబ్బకి దివాళా పిటిషన్ వేసింది, 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రిపోర్ట్ ఒళ్లంతా వచ్చే జబ్బులకి ఇంప్లాంట్లే కారణం అనడానికి ఆధారం లేదు అంది, 2006లో మళ్లీ పర్మిషన్ వచ్చింది. ఇదంతా సద్దుమణిగింది అనుకునేలోపు 2010లో ఫ్రాన్స్‌లో పీఐపీ కంపెనీ గుట్టు బయటపడింది, మెడికల్ సిలికాన్ బదులు చవకైన ఇండస్ట్రియల్ సిలికాన్ నింపి అమ్మారు, ఒక్క ఫ్రాన్స్‌లోనే దాదాపు 30,000 మందిని తీయించుకోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది, ఓనర్‌కి 2013లో నాలుగేళ్ల జైలు.

ఆ తర్వాత వచ్చింది లింఫోమా భయం, అంటే రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్. ఇంప్లాంట్ల చుట్టూ ఉన్న క్యాప్సూల్‌లో అరుదుగా ఒక రకం లింఫోమా వస్తుండొచ్చని ఎఫ్‌డీఏ 2011లోనే చెప్పింది, గరుకు పైపొర ఉన్నవాటిలోనే ఎక్కువ అని తర్వాత తేలింది, 2019 జూలైలో అల్లర్గాన్ కంపెనీ తన గరుకు పైపొర బయోసెల్ ఇంప్లాంట్లని ప్రపంచం మొత్తం వెనక్కి తీసుకుంది. 2021లో సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలా ఇంప్లాంట్లకి కూడా బాక్స్ వార్నింగ్ పెట్టించారు, అందులో ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు అని క్లియర్‌గా రాసి ఉంది. నిజానికి చాలామందికి కొత్తగా తెలిసింది ఆ వాక్యమే. పెట్టేటప్పుడు ఇది గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ.

వీటన్నిటితో పాటు సోషల్ మీడియాలో బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్ అనే మాట. నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, బుర్ర మొద్దుబారినట్టు ఉండటం, ఇంప్లాంట్ తీసేశాక తగ్గాయని చాలామంది చెప్తున్నారు. దీనికి ఒక టెస్ట్ లేదు, అఫీషియల్ జబ్బుగా గుర్తింపూ లేదు, కానీ చెప్పేవాళ్లందరూ ఊహించుకుంటున్నారు అని కొట్టిపారేయడం కూడా తప్పే, తీసేశాక కొందరికి తగ్గుతున్న మాట స్టడీల్లో కనిపిస్తోంది. ఎందుకు తగ్గుతుందో ఇంకా తేలలేదు. ఈ లక్షణాలు థైరాయిడ్ తేడా వచ్చినా, రక్తం తక్కువైనా, మెనోపాజ్ దగ్గర పడినా అచ్చం ఇలాగే ఉంటాయి కాబట్టి ముందు మామూలు రక్త పరీక్షలు చేయించుకోవడం మంచిది, అక్కడ దొరికిపోతే కత్తి దాకా వెళ్లక్కర్లేదు.

ఇక్కడే ఆన్‌లైన్ ప్రచారానికీ కొవ్వు ట్రాన్స్‌ఫర్‌కీ నేరుగా గొడవ వస్తుంది. ఎన్‌బ్లాక్ అని ఒక మాట బాగా తిరుగుతోంది, అంటే ఇంప్లాంట్‌ని దాని సంచితో సహా పగలకుండా మొత్తంగా ఒకే ముక్కగా తీయడం, అలా తీయకపోతే విషం లోపలే ఉండిపోతుంది అని. లింఫోమా ఉన్నప్పుడు అది నిజంగా అవసరం, అందులో వాదనే లేదు. కానీ మిగతావాళ్లలో సంచి మొత్తం తీసినా, కొంత తీసినా, అసలు తీయకపోయినా లక్షణాలు తగ్గడంలో పెద్ద తేడా లేదని 2022లో అమెరికాలో ఏస్తటిక్ సర్జన్ల ఫౌండేషన్ చేయించిన స్టడీలో తేలింది. పైగా కండ కింద పెట్టిన ఇంప్లాంట్ అయితే వెనక పొర పక్కటెముకలకి అతుక్కుని ఉంటుంది, దాన్ని గీకి తీస్తుంటే ఊపిరితిత్తి పొరకి చిల్లు పడే రిస్క్ ఉంది. కొవ్వు కోణంలో చూస్తే ఇంకో నష్టం, ముందు వైపు సంచిని మొత్తం ఒలిచేస్తే దాంతో పాటు చర్మం కింద ఉన్న కాస్త మెత్తటి పొర కూడా పలచబడుతుంది, అంటే నాటాల్సిన మడినే గీకి పారేసినట్టు. దానికి తోడు ఒలిచిన చోటంతా పచ్చిగా, ఓపెన్‌గా ఉంటుంది కాబట్టి ఎక్కించిన కొవ్వు ఆ ఖాళీలోకి జారిపోతుంది. మెత్తగా, మామూలుగా ఉన్న సంచిని అలాగే ఉంచితే అది కొవ్వు లోపలికి పడకుండా అడ్డంగా పనికొస్తుంది. గట్టిపడి, సున్నం పట్టి ఉన్నా, జెల్ బయటికి కారినా తీయాల్సిందే. సంచి మొత్తం తీయాలి, అదే రోజు కొవ్వు కూడా నిండా పెట్టాలి అని రెండూ పట్టుబడితే ఆ రెండిట్లో ఒకటి దెబ్బతింటుంది, ఇది ముందే చెప్పే సర్జన్‌ని నమ్మొచ్చు.

అయితే ఇంప్లాంట్ ఉండటం వల్ల కొవ్వుకి ఒక లాభం కూడా ఉంది, ఇది చాలామంది గమనించరు. అసలు ఇంప్లాంటే లేని ఆమెకి కొవ్వుతో సైజు పెంచాలంటే చోటు చాలదు, బిగుతుగా ఉన్న చర్మం కింద ఎక్కువ ఎక్కిస్తే లోపల ప్రెషర్ పెరిగి రక్తం ఆడక పెట్టినది పోతుంది. అందుకే మయామీలో రోజర్ కూరీ అనే సర్జన్ బ్రావా అని బయటి నుంచి వ్యాక్యూమ్‌తో లాగే డోములు వారాల తరబడి పెట్టించి, చర్మం సాగాక కొవ్వు ఎక్కించేవాడు. ఇంప్లాంట్ ఉన్నామెకి ఆ సాగదీసే పని లోపలి నుంచి ఏళ్ల తరబడి జరిగిపోయే ఉంటుంది. బోస్టన్ సర్జన్ డానియెల్ డెల్వెకియో 2012లో పేపర్ రాసింది ఈ పాయింట్ మీదే, ఇంప్లాంట్ తీయడం, కొవ్వు పెట్టడం ఒకే సిట్టింగ్‌లో. కానీ అదే ఇంప్లాంట్ ఏళ్ల తరబడి ఒత్తి ఒత్తి సొంత కండని, గ్రంథిని పలచబరుస్తుంది కూడా. పొలం వెడల్పు అయింది, మట్టి మాత్రం తగ్గింది. అందుకే చేత్తో పట్టి చూస్తే చర్మం కింద రెండు సెంటీమీటర్లు మందం దొరికే ఆమెకీ, ఇంప్లాంట్ అంచు ముడతలు బయటికి కనిపించే ఆమెకీ ఒకే ప్లాన్ పనికిరాదు. రెండో ఆమెకి ముందు తీసేసి, మూడు నుంచి ఆరు నెలలు ఆగి, చర్మం ఎంత ముడుచుకుందో చూసి అప్పుడు కొవ్వు పెట్టడం సేఫ్. ఇన్ఫెక్షన్ ఉన్నా, లింఫోమా అనుమానం ఉన్నా కూడా అంతే, ముందు తీయడం, పాథాలజీ రిపోర్ట్ చూసుకోవడం, తర్వాతే మిగతావి.

షేప్ గురించి ఒక మాట. ఇంప్లాంట్ ముందుకి పొడుచుకొచ్చే ఎత్తు ఇస్తుంది, పైభాగంలో గుండ్రంగా నిండుతనం ఇస్తుంది. కొవ్వు అది ఇవ్వలేదు, అది పరుచుకుంటుంది, మెత్తగా, చేతికి సహజంగా, చల్లటి రోజుల్లో కూడా వెచ్చగా ఉంటుంది కానీ బోర్లించిన గిన్నెలా నిలబడదు. పదేళ్లు ఇంప్లాంట్ చూసి అలవాటు పడ్డ కళ్లకి ఇది తగ్గినట్టే అనిపిస్తుంది. జారిపోయిన చర్మం ఉంటే లిఫ్ట్ (మిగులు చర్మం కోసి పైకి లేపడం) కూడా చేయాలి, కానీ తీయడం, కొయ్యడం, కొవ్వు ఎక్కించడం మూడూ ఒకేరోజు అయితే చనుమొనకి రక్తం సప్లై మీద భారం పడుతుంది, సిగరెట్ తాగేవాళ్లలో ఇంకా రిస్క్, కనీసం నెల ముందు నుంచి మానాలి. ఆపరేషన్ అయిన మొదటి నెల వాపు వల్ల సైజు చూసి అబ్బో అనుకుంటారు, అది కొవ్వు కాదు, నీరు. మూడో నెల దాటాకే అసలు సంగతి తెలుస్తుంది. ఆ టైమ్‌లో కొవ్వు తీసిన చోట టైట్ గార్మెంట్ వేసుకోవాలి, పెట్టిన చోట మాత్రం బిగుతుగా ఏదీ వేయకూడదు, బోర్లా పడుకోకూడదు. నొప్పి కూడా చాలామందికి ఛాతీ దగ్గర కంటే పొట్ట, తొడల దగ్గరే ఎక్కువ.

ఇంకోటి, కొవ్వు ఎక్కడికెళ్లినా కొవ్వే. పొట్ట నుంచి వచ్చింది పొట్ట బుద్ధే చూపిస్తుంది, బరువు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇప్పుడు మౌంజారో లాంటి బరువు తగ్గే ఇంజెక్షన్లు మొదలుపెట్టే ప్లాన్ ఉన్నవాళ్లు ఇది చేయించుకుని ఆ తర్వాత పది కిలోలు తగ్గితే పెట్టించుకున్నదీ కరిగిపోతుంది. బరువు ముందు సెటిల్ అవ్వాలి.

క్యాన్సర్ టెస్టుల సంగతి అన్నిటికంటే పెద్దది, దీని వెనక పాత గొడవ ఒకటుంది. రొమ్ములోకి కొవ్వు పెట్టాలన్న ఆలోచన ఇంప్లాంట్ కంటే పాతది, 1895లోనే జర్మనీలో చెర్నీ అనే సర్జన్ ఒకామె ఒంటి మీద ఉన్న కొవ్వు గడ్డని తీసి రొమ్ములో గుంటపడ్డ చోట పెట్టాడు. లైపోసక్షన్ వచ్చాక 1980ల్లో ఇంజెక్షన్‌తో పెట్టడం మొదలైంది, కానీ 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం వద్దు అని తేల్చి చెప్పింది. చనిపోయిన కొవ్వు చుట్టూ సున్నం చుక్కలు పడతాయి, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) క్యాన్సర్ చుక్కల్లా కనిపించి డాక్టర్లని తప్పుదారి పట్టిస్తాయి అనేది వాదన. దానికి ఎదురువాదన కూడా గట్టిదే, రొమ్ము సైజు తగ్గించే ఆపరేషన్లో కూడా అచ్చం ఇలాంటి చుక్కలే పడతాయి, దాన్ని ఎవరూ ఆపలేదు కదా అని. ఇరవై ఏళ్లకి పైగా ఇలాగే నడిచి 2009లో అదే సంఘం టాస్క్‌ఫోర్స్ వేసి, జాగ్రత్తగా చేయొచ్చు అని మాట మార్చుకుంది. ఇప్పటి డిజిటల్ మామోగ్రామ్, అల్ట్రాసౌండ్‌తో అనుభవం ఉన్న రేడియాలజిస్ట్ చాలావరకు తేడా పట్టేస్తారు. చాలావరకు, అన్నిసార్లూ కాదు. అందుకే ఆరు నెలల తర్వాత స్నానం చేస్తుంటే చేతికి గోళీకాయంత గట్టిది తగిలినప్పుడు అది చచ్చిన కొవ్వో ఇంకోటో తెలియక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు, ఒక్కోసారి సూది పెట్టి బయాప్సీ తీయాల్సి వస్తుంది. తల్లికో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇళ్లలో ఈ టెన్షన్‌ని కూడా ఖర్చులో వేసుకోవాలి. క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక షేప్ సరిచేయడానికి కొవ్వు పెట్టినవాళ్లలో మాత్రం, జబ్బు తిరగబెట్టడం దీనివల్ల పెరిగినట్టు ఇప్పటిదాకా వచ్చిన చాలా స్టడీల్లో కనిపించలేదు.

హైదరాబాద్ విషయానికొస్తే జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ రోడ్ల మీద కాస్మెటిక్ బోర్డులకి లోటు లేదు, అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి చేయించుకెళ్లే తెలుగువాళ్లూ ఉంటారు. వాళ్లకి ఉన్న ఇబ్బంది డబ్బు కాదు, క్యాలెండర్. ఈ ఆపరేషన్ రిజల్ట్ మూడో నెలలో తెలుస్తుంది, గడ్డలు ఆరో నెలలో తగులుతాయి, అప్పటికి సర్జన్ ఒక దేశంలో, మనిషి ఇంకో దేశంలో. బోర్డు మీద ఏం రాసున్నా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పటి పేరు డీఆర్‌ఎన్‌బీ) గానీ డిగ్రీ ఉందా అనేది స్టేట్ మెడికల్ కౌన్సిల్ దగ్గర చూసుకోవచ్చు, కాస్మెటాలజీ సర్టిఫికెట్ అనేది ఆ క్వాలిఫికేషన్ కాదు. స్టెమ్ సెల్ కలిపి పెడతాం, వంద శాతం నిలుస్తుంది అని ప్యాకేజీ అమ్మితే లేచి వచ్చేయడమే, కొవ్వులో మూలకణాలు మామూలుగానే ఉంటాయి, వాటిని విడిగా తీసి ఎక్కువ మోతాదులో కలపడం మన దగ్గర ఐసీఎంఆర్ (జాతీయ వైద్య పరిశోధన మండలి) గైడ్‌లైన్స్ ప్రకారం ట్రయల్‌లో తప్ప చేయకూడదు. ఇన్సూరెన్స్ సంగతి తెలిసిందే, అందం కోసం చేసిన సర్జరీకి పైసా రాదు, కానీ యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత రీకన్‌స్ట్రక్షన్ అయితే స్టాండర్డ్ పాలసీ మాటల్లోనే మినహాయింపు ఉంది, చాలామంది అది చదవకుండానే సొంత డబ్బు కట్టేస్తారు.

అసలు కొవ్వే అక్కర్లేని వాళ్లు కూడా చాలామంది ఉంటారు, ఇది క్లినిక్‌లో ఎవరూ ముందుగా చెప్పరు ఎందుకంటే అందులో వాళ్లకి వచ్చేది తక్కువ. ఇంప్లాంట్ చిన్నది, చర్మం ఇంకా సాగే గుణం ఉన్నది అయితే ఉత్తినే తీసేసి వదిలేసినా కొన్ని నెలల్లో చర్మం తనంతట తాను సర్దుకుంటుంది. మొదటి రెండు వారాలు గాలి తీసిన బెలూన్‌లా ముడతలు పడి భయం వేస్తుంది, అప్పుడు తీసుకునే నిర్ణయాలే తర్వాత బాధపడేవి.

ఏది చేయించుకున్నా ఆపరేషన్‌కి ముందు ఒక మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, అయ్యాక ఆరు నెలలకో ఏడాదికో ఇంకోటి తీయించి, ఆ ఫిల్ములు, తీసేసిన ఇంప్లాంట్ కంపెనీ, సీరియల్ నంబర్ ఉన్న కార్డు, క్యాప్సూల్ పాథాలజీ రిపోర్టు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచుకోవాలి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఏ రేడియాలజిస్టో స్క్రీన్ మీద తెల్ల చుక్కలు చూసి ఆగిపోయినప్పుడు మొదట అడిగేది పాత ఫిల్ములే.